నిలుకడయు నేర్పును

భగవద్గీత రెండవ అధ్యాయమున యోగమునకు రెండు నిర్వచనములు కలవు. 48వ శ్లోకము సమత్వమే యోగమనుచున్నది. రెండు శ్లోకములు గడచునంతలోనే 50వ శ్లోకము కర్మలయందలి కౌశలమే యోగమనుచున్నది. శంకరులు ఈ రెంటిని ఒకటిగా కూర్చిరి: స్వధర్మము నాచరించువానికి జయాపజయములయందు గల సమబుద్ధియే కౌశలమని వారి భాష్యము. పెద్దల మాటను కాదనుటకు మనమెంతవారము? ఐనను లోకమును చూచినచో సందేహము కలుగక మానదు. ఎంతయో శాంతుడైన కుమ్మరి చేసిన కుండ వంకరగా ఉండవచ్చును. మహా నేర్పరియైన వైణికుడు ఇంటికి వచ్చి కోపముతో కంచము విసరవచ్చును. అట్లైనచో సమత్వము వేరు, కౌశలము వేరు కావలదా?

కంచము విసరుటను గూర్చి మాట వచ్చినది కనుక, విసరుటయందే ఈ ప్రశ్నను పరీక్షింతము. ఇది పరిహాసము కాదు. ఏ వస్తువునైనను దూరముగా, గురిగా విసరుట యనునది ఈ రెండు గుణములును ఒకే క్షణమున ఒకే దేహమున అవసరమగు పని.

అమెరికాలో డిస్క్ గోల్ఫ్ అను ఆట కలదు. గోల్ఫు బంతికి మారుగా పళ్లెము వంటి ప్లాస్టిక్ బిళ్ళ, నేలలోని గుంటకు మారుగా ఇనుప గొలుసులు వ్రేలాడు బుట్ట. ఎన్ని తక్కువ విసురులతో బిళ్ళను బుట్టలో వేసిన అంత గెలుపు. ఎడ్ హెడ్రిక్ అనునతడు దీనికి రూపము కల్పించెను. కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ ఉద్యానమున 1975లో మొదటి స్థిరమైన ఆటస్థలము ఏర్పడినది. గొలుసుబుట్టయు ఆతని కల్పనయే. ఆ దేశమున స్థిరపడిన బంధువులు గల మన కుటుంబములలో ఈ ఆట పేరు విన్నవారు ఉందురు.

బిళ్ళ బరువు సాధారణముగా 150 నుండి 180 గ్రాముల లోపుండును. పురుషుల పోటీలలో విసరు డిస్కస్ రెండు కిలోగ్రాములు. బరువైన వస్తువు తానే గురువు. చేతిబలముతో మాత్రమే విసరబోయిన వానికి అది వెంటనే బుద్ధి చెప్పును. తేలిక వస్తువు అట్లు కాదు. చేయి ఒక్కటే చాలునను భ్రమను అది ఎంతకాలమైనను సాగనిచ్చును. అందుచేతనే కండలు తిరిగిన యువకుడు పండ్లు కొరికి విసరిన బిళ్ళ పైకెగసి, గాలిలో నిలిచి, సగము దూరమునకే కూలును. సన్నని పిల్ల ఒకతె తొందర లేక విసరినది దానిని దాటి పోవును.

రహస్యము పాదములలో నున్నది. కుడిచేతివాడు లక్ష్యమునకు కుడి భుజము చూపి పక్కవాటుగా నిలువవలెను. ఎడమ కాలు వెనుక, కుడి కాలు ముందు. బిళ్ళను వెనుకకు కొనిపోవునప్పుడు బరువు ఎడమ కాలి మీదికి వచ్చును. మొదటి దోషము ఇక్కడనే పుట్టును. పలువురు ఆ బరువును పాదపు వెలుపలి అంచు దాటనిచ్చి వెనుకకు ఒరిగిపోవుదురు. బరువు పాదపు లోపలి అంచున, బొటనవ్రేలి మొదట, నిలిచియుండవలెను; అప్పుడే అది బయలుదేరుటకు సిద్ధముగా నున్న బరువు. తరువాత ముందు కాలు అడుగు వేయును, దేహభారమంతయు దానిమీదికి చేరును. అది చేరిన పిమ్మటనే తుంటి తిరుగును, తుంటి వెంట భుజము, భుజము వెంట మోచేయి, కట్టకడపట మణికట్టు. బిళ్ళ రొమ్మునకు దగ్గరగా, తిన్నగా సాగి చేతిని విడిచిపోవును. చేయి తొందరపడి కాలికన్న ముందు కదలినచో ఈ వరుస చెడును. బరువు వెనుకనే మిగులును, బిళ్ళ ముక్కు పైకి లేచును.

గమనింపవలసినది ఒకటి కలదు. ముందు కాలు బరువును స్వీకరించుటయే కాదు, దానిని నిలుపును. పరుగెత్తు బండి చక్రమునకు రాయి అడ్డుపడినచో బండిలోనివారు ముందుకు తూలుదురు గదా! అట్లే క్రింది దేహము ఆగిన క్షణమున ఆ వేగము పై దేహమునకును చేతికిని చేరును. కదలుట మాత్రమే తెలిసినవానికి ఈ శక్తి లేదు, నిలుచుట మాత్రమే తెలిసినవానికిని లేదు.

ఈ విద్య మన సీమకు క్రొత్తది కాదు. రాజపాళయమునకు ఈశాన్యముననున్న శివగంగ సీమలో వళరి అను ఆయుధముండెను. నెలవంకవలె వంగిన కర్ర లేక ఇనుము. ఒక కొన సన్నము, ఒక కొన బరువు. సన్నని కొనను పట్టి, భుజము మీదుగా త్రిప్పి విసరుదురు. జేమ్సు వెల్షు అను ఆంగ్ల సైనికాధికారి 1830లో ప్రచురించిన తన జ్ఞాపకములలో, తనకు ఈటె విసరుటయు ఈ కర్ర విసరుటయు మొదట నేర్పినవాడు చిన్నమరుదు అని వ్రాసికొన్నాడు. నేర్పరి చేతిలో అది నూరు గజముల లోపల గురి తప్పదనియు చెప్పినాడు. 1801లో మరుదు సోదరులపైకి నడచిన సేనలో ఆ వెల్షు కూడ ఉన్నాడు. ఆ యేడు అక్టోబరు 24న తిరుప్పత్తూరులో సోదరులిరువురిని ఉరితీసిరి. ఒకప్పుడు చేయి పట్టి నేర్పిన విద్య ఎవరి చేతికి పోయినదో చూడుడు. కర్మఫలమున మనకు అధికారము లేదని గీత చెప్పునప్పుడు అది ఓదార్పు మాటగా మనకు తోచును. విసరువానికి అది కఠినమైన వాస్తవము. మునివ్రేళ్ళను విడిచిన వస్తువుపై ఆతనికి ఏ అధికారమును లేదు. ఉన్న అధికారమంతయు విడుచుటకు ముందటిది.

బొంగరము నాడని బాల్యము మనలో ఎవరికి కలదు? తాడు చుట్టి విసరిన బొంగరము మేకుపై నిటారుగా నిలుచును. తిరుగుట తగ్గినకొలది తలయూచి పడిపోవును. బిళ్ళకును ఇదియే న్యాయము. గిరగిర తిరుగుచున్నంతవరకు అది గాలిలో తన వాలును నిలుపుకొనును. భ్రమణము సన్నగిల్లగా కుడిచేతివాడు వెనుకనుండి లాగి విసరిన బిళ్ళ ఎడమకు వాలి నేల చేరును. నిలుకడ యనగా కదలక యుండుట యని మనము చిన్ననాటినుండి నేర్చుకొన్నాము. బొంగరము మాత్రము ఆ పాఠమునకు లొంగలేదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. నీరజ్ చోప్రా ఈటె విసరునప్పుడు తరచు ముందుకు పడి చేతులు నేల కానించును. టోక్యో ఒలింపిక్సులో 2021 ఆగస్టు 7న 87.58 మీటర్లు విసరి స్వర్ణపతకము తెచ్చిన ఆతనికి నిలుకడ లేదందుమా? నా మనవి ఏమనగా, ఆతడు పడుట విసరిన తరువాత. ముందు కాలు బిగిసి దేహమును ఆపినది విసరుటకు పూర్వము. పడినను గీతకు ఇవతలనే పడవలెను. 2024 పారిస్ పోటీలో ఆతని ఆరు విసురులలో ఐదు ఫౌలులైనవి. చెల్లిన ఒక్కటే 89.45 మీటర్లు పోయి రజతపతకము నిచ్చినది. బలమునకు హద్దుగీత ఎంత దగ్గరలో ఉండునో దీనివలన తెలియును. బిళ్ళ ఆటలో అంతటి పరుగు లేదు కనుక, విసరిన పిమ్మట ముందు కాలిమీద నిలువగలుగుట నేర్చుకొనువానికి మంచి పరీక్ష.

సమతూకమును గూర్చి మన ఇండ్లలో తరచు వినబడు మాట వేరొకటి కలదు. విజయనగర, నాయకరాజుల కాలమున దక్షిణమునకు వచ్చిన కుటుంబముల సంతతివారము. ఇంట తెలుగు, వీధిలోను బడిలోను తమిళము. రెంటికిని సరిసగము బరువు ఇమ్మని పెద్దలు బోధింతురు. ఈ బోధ నాకు సమ్మతము కాదు. రెండు కాళ్ళమీద సరిసగము బరువు మోపి నిలుచున్నవాడు ఫోటోకు బాగుండును గాని ఏమియు విసరలేడు. తమిళము చదువు గంటలో బిడ్డ భారమంతయు తమిళముమీద నుండవలెను. అవ్వతో మాటలాడునప్పుడు అంతయు తెలుగుమీద. మన ఊరి పి. యస్. కుమారస్వామి రాజాగారు 1949 నుండి 1952 వరకు నాలుగు భాషలవారున్న మద్రాసు రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగా ఉండిరి. 1952 ఎన్నికలలో ఓడి పదవి విడిచి, 1954లో ఒరిస్సాకు గవర్నరుగా వెళ్ళిరి. ఆ బరువు ఏదియు సగము కాలితో మోయదగినది కాదు. సగము తెలుగు, సగము తమిళము అను లెక్కవలన రెండును అరకొరగా వచ్చిన పిల్లలను చూచుచునే యున్నాము. భయమెల్ల ఒక్కటే: ముందు కాలిమీదికి పూర్తిగా పోయినచో వెనుక కాలు చోటు తప్పునేమో యని. విసరువాని వెనుక కాలు మాయమగుట లేదు. బరువు దిగిన పిమ్మట మునివ్రేళ్ళతో నేలను తాకుచు వెంట వచ్చును.

కనుక కుమ్మరి శాంతియు వైణికుని కోపమును మన ప్రశ్నకు సరియైన ఉదాహరణములు కావనుకొందును. సమత్వమును పనికి వెలుపల, పని ముగిసిన తరువాత వెదకితిమి. విసురులో అది పనికి లోపల నున్నది: బరువు ఏ క్షణమున ఎక్కడ నుండవలెనో అక్కడ నుండుట. గెలుపునకై ఆత్రపడిన మనస్సు చేతిని ముందు కదల్చును, చేయి ముందు కదలగనే పాదము తప్పును. శంకరులు సిద్ధ్యసిద్ధుల ప్రస్తావన ఏల తెచ్చిరో అప్పుడు కొంత బోధపడును. ఇంతకన్న గొప్ప విషయములలోను ఇట్లే యగునా యన్నచో, నిశ్చయముగా చెప్పజాలను.

అభ్యసింపదలచినవారికి పరుగు వలదు. మొదట నిలుచున్న చోటనుండియే విసరవలెను. పచ్చిక లేని మట్టినేల యైనచో మరియు మేలు, పాదరక్షలు విడిచినచో ఇంకను మేలు. విసరిన పిమ్మట బిళ్ళ వెంట పరుగిడక నేలను చూడవలెను. వెనుక పాదపు జాడ వెలుపలి అంచున లోతుగా నున్నచో దేహము ఒరిగినదని యర్థము. ముందు పాదపు జాడ తిరుగక అచ్చుగ్రుద్దినట్లున్నచో చేయి ఒక్కటే పని చేసినది. తిన్నని విసురునకు వెనుక వ్రేళ్ళు గీచిన సన్నని చార, ముందు మడమ తిరిగిన చిన్న గుండ్రని గుంట, ఈ రెండే మిగులును.