కిరాయి యింటి శుద్ధి

తిరుమల క్షేత్రమునకు మొదటి యజమాని శ్రీవరాహస్వామి యని భక్తులెల్లరు ఎరుగుదురు. వైకుంఠమును వీడి వచ్చిన శ్రీనివాసుడు నిలువ నీడ కొరకు వరాహస్వామిని నూరడుగుల స్థలము అడిగెననియు, చేత ధనము లేనందున ప్రథమదర్శనము, ప్రథమపూజ, ప్రథమనైవేద్యము ఆయనకు జరుగునట్లు ఒప్పుకొనెననియు స్థలపురాణము చెప్పుచున్నది. నేటికిని పుష్కరిణి తీరమున వరాహస్వామిని సేవించిన పిమ్మటనే ఆనందనిలయమునకు పోవుట ఆచారము. లోకములకెల్ల ఆధారమైనవాడు ఒకరి స్థలమున కిరాయికి దిగినవాడు! ఈ కథ వినిన గృహస్థు, కిరాయికిచ్చుటకు కొన్న యింటి గడప ముందు నిలిచినపుడు రాబోవువారిని గూర్చి కొంత ఆలోచింపక తప్పదు.

సిద్దిపేట 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైనది. 2018లో వైద్యకళాశాల, 2023 అక్టోబరులో రైలు వచ్చినవి. ఇట్టి పట్టణమునకు ఉద్యోగులు, విద్యార్థులు బయటి ఊళ్లనుండి వత్తురు. ఉద్యోగ విరమణ సొమ్ముతో రెండవ యిల్లు కొని కిరాయికిచ్చు కుటుంబములును ఉండును. ఆ యిల్లు వారికి నివాసము కాదు, పెట్టుబడి. తామున్న యింట తెల్లవారకమునుపే వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి, ముగ్గు పెట్టు ఇల్లాలే, రెండవ యింటి మాట వచ్చునప్పటికి "దిగేవాళ్లే కడుక్కుంటరు తియ్" అనుట కలదు. ఆమె చెడ్డది కాదు. తాను నిద్రింపని గదియందలి దుమ్ము ఆమె కంటికి దుమ్ముగా తోచదు, అంతియే.

మరికొందరు శుభ్రపరతురు గాని, చూడవచ్చువారి చూపు పడునంత మేరకే. చెమ్మ ఎక్కిన గోడపై సున్నము వేసి, వంటింటి జిడ్డుపై రంగు పూసి, వాసన వచ్చు మూలలో అగరువత్తి వెలిగింతురు. దీనిని శుద్ధి యనుట కంటె అలంకారమనుట మేలు. శ్రీవారి ఆలయమున ఉగాది, ఆణివార ఆస్థానము, బ్రహ్మోత్సవములు, వైకుంఠ ఏకాదశి – ఈ నాలుగు సందర్భములకు ముందు వచ్చు మంగళవారమున కోయిల్ ఆళ్వార్ తిరుమంజనము జరుగును. మూలమూర్తిని వస్త్రముతో కప్పి, ఆనందనిలయము మొదలు బంగారువాకిలి వరకును, ఉపాలయములను, పోటును, గోడలను, పైకప్పును, పూజాసామగ్రిని మొదట నీటితో కడుగుదురు. నామకోపు, శ్రీచూర్ణము, కస్తూరి పసుపు, గడ్డకర్పూరము, గంధపు పొడి, కిచిలిగడ్డ మున్నగునవి కలిపిన పరిమళజలమును ప్రోక్షించుట ఆ తరువాతి పని. ఈ వరుస తారుమారైనచో ఆ పరిమళమే మురికికి ముసుగగును. పైకప్పును తలయెత్తి చూచు యాత్రికులెందరు? అయినను కడుగుదురు.

చట్టము కూడ ఈ కనబడని చోటునే పట్టుకొన్నది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 108వ సెక్షను ప్రకారము, యజమానికి తెలిసి, కిరాయిదారు సాధారణమైన జాగ్రత్తతో కనిపెట్టజాలని పెద్ద లోపమేదైన ఉన్నచో యజమాని దానిని చెప్పవలెను. అయితే ఇల్లు ఊడ్చి ఇమ్మని ఆ సెక్షను చెప్పదు. చట్టము ఊరుకొన్న చోట మనస్సాక్షికి పని పడును.

ఆ పని యెక్కడ మొదలగునో తెలియవలెనన్న మేడపైకి పోవలెను. నీరు ఎంత శుద్ధిచేయబడి యింటికి చేరినను పై తొట్టి అడుగున ఏండ్ల తరబడి బురద పేరును. ఇల్లు చూడవచ్చినవారు గదులు లెక్కింతురు, కొళాయి తిప్పుదురు, అడ్వాన్సు ఇత్తురు; నిచ్చెన వేసికొని తొట్టి మూత తీయువారు అరుదు. కనుక దానిని ఖాళీచేసి, గోడలు రుద్ది, బ్లీచింగు పొడి కలిపిన నీటితో కడిగి పారబోసి, మరల మంచినీటితో తొలుపవలసినవాడు యజమానియే. ఈ పనికి కూలి మనిషిని పెట్టుట తప్పు కాదు. స్నానపుగదిలో ఆసిడ్డును బ్లీచింగు పొడిని ఒక్కసారిగా వాడుమని ఆమెను తొందరపెట్టుట తప్పు. ఆ రెండును కలిసినచో క్లోరిను వాయువు పుట్టి ఊపిరితిత్తులను దహించును. ఒకరి ఊపిరిని చెరచిన శుద్ధి ఏమి శుద్ధి?

ఇంకొక శుద్ధి కలదు. అది చెప్పుటకు కష్టమైనది. ఖాళీచేసి పోయినవారి కులము తలచుకొని గడపలు రెండుమార్లు కడిగించుట, రాబోవువారి పని అడుగకమునుపే కులము అడుగుట నేటికిని పట్టణములలో పోలేదు. దుమ్ము గోడకు అంటును. మైల మనిషి పుట్టుకకు అంటదు. తిరునారాయణపురమున భగవద్రామానుజులు అస్పృశ్యులన్న వారికి తిరుక్కులత్తారని పేరిడి ఆలయప్రవేశము కల్పించిరని సంప్రదాయము. కోవెలలో అడుగుపెట్టదగిన వారికి కిరాయి గది కూడదనుట వైష్ణవుని నోట రాదగిన మాట కాదు.

నెలనెల కిరాయి పుచ్చుకొనుచు దీనిని సేవ యనుట యెట్లని కొందరి ప్రశ్న. అది వర్తకమే గదా! వర్తకమే. కాని వరాహస్వామియు ప్రతిఫలము లేక ఇయ్యలేదు. అందువలన ఆ దానము చిన్నది కాలేదు. పుచ్చుకొనుట దోషము కాదు, పుచ్చుకొని ఇయ్యకుండుట దోషము. పూరీలో గుండిచా మందిరమున జగన్నాథుడు ఏటికొకమారు రథయాత్రకు వచ్చి కొలది దినములే యుండును. రథయాత్రకు ముందు శ్రీకృష్ణచైతన్యులు శిష్యులతో కలిసి చీపుర్లు, కుండలు పట్టి ఆ మందిరమును స్వయముగా ఊడ్చి కడిగిరి. ఎవరు ఊడ్చిన చెత్త వారు కుప్పవేయగా ఆయన కుప్పయే అన్నిటికంటె పెద్దదైనదట. ఒకమారు ఊడ్చుటతో తృప్తిపడక, మిగిలిన సన్నని దుమ్ము కొరకు మరల ఊడ్పించిరి. కొలది దినములు ఉండిపోవువారి కొరకు ఇంత శ్రమ యేల యని అక్కడ ఎవరును అడిగినట్లు లేదు.

కొత్తగా దిగినవారు మొదటి దినమున, సామాను మూటలు విప్పకమునుపే, వంటింట పాలు పొంగింతురు. దేవుని పటమునకు ఇంకను మేకు కొట్టి యుండరు. గట్టుమీదనే నిలిపి దండము పెట్టుదురు. ఆ పాలగిన్నెను తొలుపుటకు తిప్పిన కొళాయికి నీరు పై తొట్టినుండియే దిగును.