ఆ ఒక్క సెకను ఎవరిది?

తత్వశాస్త్రం చదవని వాళ్ళకి కూడా ఈ మధ్య బాగా పరిచయమైన కథ ఒకటుంది. అదుపు తప్పిన ట్రామ్ పట్టాల మీద దూసుకుపోతోంది. ఒక దారిలో అయిదుగురు మనుషులున్నారు. ఇంకో దారిలో ఒక్కరే. డ్రైవరు ఎటు మళ్ళించాలి? ఈ కథ 1967లో ఫిలిప్పా ఫుట్ అనే బ్రిటిష్ తత్వవేత్త రాసిన వ్యాసంలోది. ఆవిడ ఆ వ్యాసం రాసింది గర్భస్రావం గురించి. ఆ సంగతి చాలామందికి గుర్తులేదు. ఒక స్త్రీ శరీరం చుట్టూ ఉన్న నైతిక ప్రశ్నని విప్పడానికి పుట్టిన చిన్న ఉదాహరణ, యాభై ఏళ్ళు తిరిగేసరికి డ్రైవరు లేని కార్ల చర్చలోకి వచ్చి కూర్చుంది. ముసలామెని గుద్దాలా, పిల్లవాణ్ణి గుద్దాలా అని ఎం.ఐ.టి. పరిశోధకులు ఇంటర్నెట్‌లో అడిగి, లోకం నలుమూలల నుంచీ వచ్చిన దాదాపు నాలుగు కోట్ల జవాబుల్ని 2018లో ప్రచురించారు.

ఈ ప్రశ్న మన దృష్టినంతా చివరి క్షణం మీదే నిలబెడుతుంది. పట్టాలు ఎవరు వేశారు, బ్రేకులు ఎందుకు లేవు, ఆ మనుషులకి ట్రామ్ వస్తోందని ఎవరైనా చెప్పారా అని అడగనివ్వదు. నా అభ్యంతరం అక్కడే.

అదే 2018లో, మార్చి 18 రాత్రి పది గంటలకి కాస్త ముందు, అరిజోనా రాష్ట్రంలోని టెంపే నగరంలో 49 ఏళ్ళ స్త్రీ ఒకామె సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతోంది. సైకిల్‌కి సంచులు వేలాడుతున్నాయి. ఊబర్ కంపెనీ పరీక్షిస్తున్న కారు, తనంతట తానే నడుస్తూ, గంటకి దాదాపు 40 మైళ్ళ వేగంతో వచ్చి ఆమెని గుద్దింది. డ్రైవరు లేని కారు గుద్ది ఒక పాదచారి చనిపోవడం అదే మొదటిసారి. కారులో పర్యవేక్షకురాలిగా కూర్చున్నది కూడా స్త్రీయే. ఇద్దరి పేర్లూ ఎవరు వెతికినా దొరుకుతాయి. నేను ఇక్కడ రాయడం లేదు. ఆ రాత్రికి దారి తీసిన నిర్ణయాలు చేసిన వాళ్ళ పేర్లు అంత తేలిగ్గా దొరకవు కాబట్టి.

అమెరికా కేంద్ర రవాణా భద్రతా బోర్డు ఏడాదిన్నర పైగా విచారణ చేసి 2019 నవంబరులో నివేదిక ఇచ్చింది. ఇంజనీరింగ్ భాషలో ఉన్నా, నాకది నీతిశాస్త్ర గ్రంథంలా కనిపించింది. గుద్దడానికి 5.6 సెకన్ల ముందే కారు ఆమెని గుర్తించింది. అయితే ఆమె ఏమిటో తేల్చుకోలేకపోయింది. మొదట వాహనం అనుకుంది. తర్వాత ఏదో వస్తువు అనుకుంది. తర్వాత సైకిల్. అభిప్రాయం మారిన ప్రతిసారీ, అంతకుముందు ఆమె ఎటు నుంచి ఎటు కదిలిందన్న లెక్క చెరిపేసి మళ్ళీ మొదటికొచ్చింది. మనిషి అని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు. కారణం, దాటడానికి గీతలు గీసిన చోట కాకుండా వేరేచోట మనిషి రోడ్డు దాటవచ్చనే ఊహే ఆ సాఫ్ట్‌వేర్‌లో లేదు. ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. రోడ్లన్నీ ఎక్కడ పడితే అక్కడ దాటే మనుషులతో నిండిన లోకంలో, వాళ్ళు లేరని అనుకుని రాసిన ప్రోగ్రామును ఆ రోడ్ల మీదికే వదిలారు.

ఇంకొక వివరం. ప్రమాదం ఉందని తేల్చుకున్నాక కూడా కారు ఒక సెకను పాటు ఏమీ చెయ్యకుండా ఆగేలా ఏర్పాటు చేశారు. చీటికీ మాటికీ గట్టి బ్రేకులు వేస్తే ప్రయాణం కుదుపులుగా ఉంటుంది, ఆ ప్రమాదం నిజం కాకపోవచ్చు కూడా. ఆ వోల్వో కారుకి కంపెనీ నుంచే వచ్చిన అత్యవసర బ్రేకు వ్యవస్థ ఉంది. పరీక్ష నడిచేటప్పుడు అది పనిచెయ్యకుండా ఆపేశారు. అంతకుముందు కారుకి ఇద్దరు పర్యవేక్షకులుండేవారు, 2017 చివర్లో ఒక్కరినే చేశారు. ఇప్పుడు చెప్పండి, ట్రామ్ ఎటు మళ్ళాలో నిర్ణయమైంది ఆ రాత్రేనా? ఎన్నో నెలల ముందు, పట్టపగలు, ఏసీ గదుల్లో అయింది. అక్కడ ఎవరూ ఎవరినీ చంపాలనుకోలేదు. ఒక్కొక్క నిర్ణయానికీ ఒక్కొక్క సబబైన కారణం ఉండే ఉంటుంది.

మర్నాడే టెంపే పోలీసు ఉన్నతాధికారి, ఆమె చీకట్లోంచి హఠాత్తుగా రోడ్డు మీదికి వచ్చింది, కారు తప్పు కాకపోవచ్చు అన్న ధోరణిలో మాట్లాడారు. నేను ఈ సంగతి క్లాసులో చెప్పినప్పుడు ఒక విద్యార్థి అడిగిన మొదటి ప్రశ్న, "మేడమ్, ఆమె గీతల దగ్గరే దాటొచ్చు కదా?" అని. అంత రాత్రప్పుడు ఆమెకి అక్కడేం పని, అన్నారు ఇంకొకరు. ఈ ప్రశ్నలు మనకి కొత్తవి కావు. ఆడవాళ్ళకి బయట ఏం జరిగినా మొదట వినిపించేవి ఇవే. గీతలు దాదాపు 360 అడుగుల దూరంలో ఉన్నాయి. ఆ రోడ్డు మధ్యలో ఉన్న డివైడర్ మీద మాత్రం, రండి దాటండి అన్నట్టుగా ఇటుకలు పరిచిన కాలిబాట ఉంది. పక్కనే ఇక్కడ దాటరాదని బోర్డు. ఆమె ఒంట్లో మాదకద్రవ్యం ఆనవాళ్ళున్నాయనీ నివేదిక చెప్పింది. ఉండవచ్చు. తడబడే వాళ్ళు, చెవులు వినపడని వాళ్ళు, చంకలో పిల్లతో పరుగెత్తే వాళ్ళు, అందరూ నడిచేదే రోడ్డు.

ప్రభుత్వం ఎక్కడుంది? 2016 డిసెంబరులో ఊబర్ ఈ కార్లని శాన్‌ఫ్రాన్సిస్కోలో అనుమతి తీసుకోకుండానే నడిపింది. కాలిఫోర్నియా మోటారు వాహనాల శాఖ 16 కార్ల రిజిస్ట్రేషన్లు రద్దు చేసింది. ఆ అనుమతి పెద్ద యజ్ఞమేమీ కాదు, రుసుము 150 డాలర్లు. కంపెనీ అది తీసుకోకుండా కార్లని లారీలకెక్కించి అరిజోనాకి పంపింది. అక్కడి గవర్నర్ డగ్ డ్యూసీ రెండు చేతులూ చాచి ఆహ్వానించారు. 2015లోనే ఆయన ఇచ్చిన ఉత్తర్వులో ఒక పర్యవేక్షణ కమిటీ ఉంది. కానీ పరీక్షలకి ముందు భద్రతా ప్రణాళిక ఏదీ ఆ రాష్ట్రం అడగలేదు. కంపెనీ లోపాలతో పాటు అరిజోనా పర్యవేక్షణ చాలకపోవడాన్ని కూడా బోర్డు ఈ మరణానికి తోడ్పడిన కారణాల్లో చేర్చింది. పరీక్షల్ని గవర్నర్ ఆపింది ఆమె చనిపోయిన ఎనిమిది రోజులకి.

ప్రభుత్వ పర్యవేక్షణ అనగానే ఫైళ్ళు, లంచాలు, జాప్యం గుర్తొస్తాయి. కానీ ఇక్కడ జరుగుతున్నది ప్రయోగం. మనుషుల మీద ప్రయోగం చేసేటప్పుడు వాళ్ళ సమ్మతి కావాలన్నది 1947 నాటి న్యూరెంబర్గ్ సూత్రాల నుంచీ ఒప్పుకున్న మాట. కారులో కూర్చునేవాళ్ళు ఏదో కాగితం మీద సంతకం పెడతారు. రోడ్డు దాటే మనిషిని అడిగిందెవరు?

ఈ ప్రశ్న మనకి అరిజోనా నుంచి రానక్కర్లేదు. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్త్రీలకి నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ఇవ్వబోతే, తమ మీద ప్రయోగం జరుగుతోందన్న సంగతి ఆ స్త్రీలకి తెలియదని స్త్రీశక్తి సంఘటన బయటపెట్టింది. 1986లో అది సుప్రీంకోర్టుకెళ్ళింది. 2009లో ఖమ్మం జిల్లాలో పద్నాలుగు వేల మంది దాకా బాలికలకి హెచ్.పి.వి. టీకా వేశారు. మరణాలకి టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. కానీ హాస్టల్ పిల్లల సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకి బదులు వార్డెన్ల సంతకాలున్నాయి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఆ వార్డెన్ సంతకమే అరిజోనా గవర్నర్ ఉత్తర్వులో నాకు కనిపిస్తుంది. రోడ్డు మీద ఒక్కొక్కరినీ ఆపి అడగడం కుదరదు, నిజమే. కుదరదు కాబట్టే వాళ్ళ తరఫున ప్రభుత్వం అడగాలి. ఏ లోపాలున్నాయి, ఏ బ్రేకు ఆపేశారు, ఎందుకు ఒక్కరినే కూర్చోబెట్టారు అని. అడగకుండా ఇచ్చే అనుమతి, ఇంకొకరి వేలిముద్ర మనం వెయ్యడం లాంటిది.

దీనికి బలమైన జవాబు ఒకటుంది. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్ళని చంపింది యంత్రాల తెలివి కాదు, మనుషుల నిర్లక్ష్యం, తాగుడు, తొందర. మనిషికన్నా జాగ్రత్తగా నడిపే యంత్రం వస్తే, దాన్ని ఆలస్యం చేసే ప్రతి నిబంధనకీ ప్రాణాల ఖరీదు ఉంటుంది కదా? ఈ వాదనని నేను తేలిగ్గా తీసుకోను. తాగి నడిపే మగాళ్ళ చేతిలో ఇళ్ళు కూలిన స్త్రీలు ఎందరో నాకు తెలుసు. కానీ ఈ వాదన రేపు తయారయ్యే యంత్రాన్ని చూపించి, ఇవాళ తయారవని యంత్రానికి దారి అడుగుతోంది. మంచి మందు రావాలంటే ప్రయోగాలు జరగాలి. అందుకని మందుల ప్రయోగాల మీద నియంత్రణ అక్కర్లేదని ఎవరూ అనరు.

ఇక ఆ పర్యవేక్షకురాలు. గుద్దే ముందు ఆమె ఫోన్ వైపు చూస్తోంది, అందులో టీవీ కార్యక్రమం నడుస్తోంది. ఆమె తప్పు లేదని నేననను. కానీ పొయ్యి మీద పాలు పెట్టి పొంగుతాయేమోనని నిలబడిన వాళ్ళెవరికైనా తెలుసు, ఏమీ జరగని దాని మీద చూపు నిలపడం ఎంత కష్టమో. ఆ పాలు నెలల తరబడి పొంగకపోతే? యంత్రాన్ని నమ్మి మనిషి ఏమరుపాటు చెందడం తెలిసిన సంగతే, దాన్ని అరికట్టే ఏర్పాట్లు కంపెనీ చెయ్యలేదని బోర్డు రాసింది. 2019 మార్చిలో కంపెనీ మీద క్రిమినల్ కేసుకి ఆధారం లేదని ప్రాసిక్యూటర్ తేల్చారు. 2020లో ఆమె మీద కేసు పెట్టారు. 2023 జులైలో ఆమె నేరం ఒప్పుకుంటే మూడేళ్ళ ప్రొబేషన్ వేశారు. మడలిన్ క్లేర్ ఎలిష్ అనే మానవశాస్త్రవేత్త దీనికొక పోలిక చెప్పింది. కారు ముందు భాగం తాను నలిగి లోపలి మనుషుల్ని కాపాడుతుంది. ఇలాంటి వ్యవస్థల్లో చివరన కూర్చున్న మనిషి నలిగి వ్యవస్థని కాపాడుతుందట. అంట్లు తోమే దగ్గర నుంచి ఆశా వర్కర్ దాకా, ఆ చివరి చోట ఎవరుంటారో మనకి వేరే చెప్పాలా!

నిబంధనలున్న కాలిఫోర్నియాలోనూ అన్నీ సవ్యంగా లేవు. 2023 అక్టోబరు 2న శాన్‌ఫ్రాన్సిస్కోలో మనిషి నడుపుతున్న కారు గుద్దిన ఒక స్త్రీ, క్రూజ్ కంపెనీ డ్రైవరు లేని కారు ముందు పడింది. ఆ కారు ఆగి, మళ్ళీ కదిలి, ఆమెని ఇరవై అడుగులు ఈడ్చుకుపోయింది. ఈడ్చిన సంగతి కేంద్ర సంస్థకిచ్చిన నివేదికలో కంపెనీ రాయలేదు. తప్పుడు నివేదిక ఇచ్చామని 2024 నవంబరులో ఒప్పుకుంది. తేడా ఏమిటంటే, అనుమతి ఇచ్చిన శాఖ ఒకటి అక్కడ ఉంది. మూడు వారాలకి ఆ అనుమతిని నిలిపేసింది. ఇవ్వని అనుమతిని రద్దు చెయ్యడం ఎలాగో అరిజోనాకి తెలియలేదు.

2022లో సంగారెడ్డి దగ్గర కందిలో, హైదరాబాద్ ఐ.ఐ.టి. క్యాంపస్ లోపల, డ్రైవరు లేని వాహనాల పరీక్షలకి ప్రత్యేక స్థలం మొదలైంది. గోడ లోపల పరీక్షించడమే సరైన పద్ధతి. ఆ గోడకి ఇవతల ముంబై హైవే. అదే రోడ్డు మీద హైదరాబాద్ వైపు వస్తే పటాన్‌చెరు. షిఫ్టు వదిలే వేళకి ఫ్యాక్టరీల నుంచి వచ్చే ఆడవాళ్ళు క్యారేజీ సంచులు పట్టుకుని, డివైడర్ తెగిన చోట గుంపుగా నిలబడి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దాటుతుంటారు. ముందున్నామె లారీ డ్రైవరు వైపు చెయ్యెత్తి, అతను చూశాడని నమ్మకం కుదిరాకే అడుగు వేస్తుంది.