పాత యినుము - పైసంపాదన

చతుర్ముఖ బ్రహ్మ యాలయముగల చేబ్రోలు గుంటూరు జిల్లాలోని యూరు. ఇచ్చటి వీధులలో "పాత యినుప సామాను కొంటా"మని కేకవేయుచు మూటతోను ద్రాసుతోను దిరుగువానిని బాఠకు లెఱుగుదురు. కూలిపని దొరకని దినములలో విఱిగిన నాగటికఱ్ఱును, సైకిలు చట్రమును, సొట్టపోయిన సత్తుగిన్నెను జేర్చి యమ్మి, పిల్లల పుస్తకములకు నాలుగు రూపాయలు కూడబెట్టువారును గలరు. ఇట్టి సంపాదన హీనమేమో యని మన యిండ్లలో నొక శంక గలదు.

శౌచమునుబట్టి శంకించువారికి మనుస్మృతియే సమాధానము చెప్పినది: రాగి, యినుము, కంచు, ఇత్తడి, తగరము, సీసము క్షారముచేతను బులుసుచేతను నీటిచేతను శుద్ధమగునట. కిలుము పట్టిన బిందెను జింతపండుతో దోమి దేవునియెదుట నుంచుదుము. దానిని మోసినవానిని మాత్రము అరుగుపై గూర్చుండనీయము! ఖనిజమునుండి అల్యూమినియము దీయుటకు వలయు శక్తిలో నించుమించు ఇరువదవ వంతుతోనే పాత గిన్నెను గరగించి మరల లోహము చేయవచ్చును. ఆ మూట మోయువాడు దేశమున కుపకారియే.

మాకు దోచు శంక వేఱు. ఆ లోహ మెవరిది? పొలములలోని ట్రాన్స్‌ఫార్మరులను దొంగలు రాత్రివేళ బగులగొట్టి, నూనె నేలపాలు చేసి, రాగితీగను గొనిపోవుట మన రాష్ట్రమున బలుమాఱు జరిగినది. ఆ రాగికి దూనిక గలదు. నీరందక యెండిన పైరును ఏ త్రాసు తూచును? తొడుగు కాల్చిన తీగకు యజమాని గుఱుతుండదు. 1860 నాటి శిక్షాస్మృతిలోని 411వ సెక్షనును, దాని స్థానమున 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలోని 317వ సెక్షనును, దొంగసొత్తని యెఱిగి గాని, అట్లు నమ్మదగిన కారణముండి గాని, దానిని దురుద్దేశముతో బుచ్చుకొనుట నేరమనుచున్నవి. సగము ధరకు వచ్చుటయే యట్టి కారణము కాదా? పేదవాడు "నాకేమి తెలియు"నన్నచో అతని యాకలి కొంత సాక్ష్యము చెప్పును. అంగడిలో గుర్చీపై గూర్చుండి యదే మాట యను వ్యాపారి కెవరు సాక్షి?

ఇక నమ్మువారి మాట. 2010లో ఢిల్లీ నగరమున నొక విశ్వవిద్యాలయము వాడుక మానిన యంత్రమొకటి వేలములో నమ్మివేసెను. అందు కోబాల్టు-60 యను రేడియోధార్మిక పదార్థ ముండెను. మాయాపురి పాత యినుప బజారులో దానిని విప్పినవారికి లోన నున్నదేమో తెలియదు; ఒకడు మరణించెను, పలువురు జబ్బుపడిరి. అమ్మినవారు విద్వాంసులు. మన యింటి పాత బ్యాటరీని మూటలో వేయునపుడు, అందు సీసమును ఆమ్లమును గలవని చెప్పువార మెందఱము? కిలోకు పదిరూపాయ లెక్కువ యడుగుట మాత్రము మఱవము.