అప్పజెప్పేది ఎవరికి?

ఆంకీ అంటే జపనీస్‌లో కంఠస్థం చెయ్యడం. డేమియన్ ఎల్మ్స్ అనే ఆయన జపనీస్ నేర్చుకోడానికి రాసుకున్న ఈ ప్రోగ్రామ్ 2006లో బయటికొచ్చింది. ఇప్పుడు మెడికల్ స్టూడెంట్ల నుంచి సివిల్స్ వాళ్ల దాకా వాడుతున్నారు గానీ, కాంజీ నేర్చుకునేవాళ్లకు మాత్రం అది పుట్టిల్లు లాంటిది. వాడకం తేలిక. కార్డు ముందు వైపు ఒక కాంజీ ఉంటుంది. దాని అర్థం, పలికే తీరు మనసులో చెప్పుకుని కార్డు తిప్పాలి. కింద నాలుగు మీటలు: అగైన్, హార్డ్, గుడ్, ఈజీ. ఏది నొక్కారన్నదాన్ని బట్టి ఆ కార్డు రేపు మళ్లీ రావాలో, నాలుగు నెలల తర్వాత రావాలో యాప్ లెక్కేస్తుంది.

2023లో వచ్చిన 23.10 వెర్షన్‌తో ఈ లెక్కనే మార్చుకునే వీలు కల్పించారు. అప్పటిదాకా నడిచింది పియోటర్ వోజ్నియాక్ అనే పోలెండ్ ఆయన 1987లో తయారుచేసిన ఎస్ఎం-2 పద్ధతికి కాస్త మార్చిన రూపం. కొత్తదాని పేరు ఎఫ్ఎస్ఆర్ఎస్. జారెట్ యే మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు అది. పాతది అందరికీ ఒకే సూత్రం వాడేది. కొత్తది మీరు ఇన్నేళ్లూ నొక్కిన మీటల రికార్డు మొత్తం చదివి, మీరు ఎంత వేగంగా మర్చిపోతారో అంచనా కట్టి, మర్చిపోయే ముందు పట్టుకుని అడుగుతుంది.

రిలీజ్ నోట్స్ రాయడం నా ఉద్యోగంలో ఓ భాగం. ఏది చేర్చాం, ఏది తీసేశాం, ఏ బగ్ సరిచేశాం అని రాస్తాం. వాటిలో నీతి గురించి ఎవరూ రాయరు. ఈ అప్‌డేట్‌లో మాత్రం, నాకు కనిపించినంతవరకు, ఒక నీతి ప్రశ్న దాక్కుని ఉంది.

పాత పద్ధతిలో ఆరు నెలల వ్యవధికి ఎదిగిన కార్డును మీరు మర్చిపోయారనుకోండి. నిజాయితీగా అగైన్ నొక్కితే, డిఫాల్ట్ సెట్టింగుల్లో ఆ వ్యవధి ఒక్క రోజుకి పడిపోయేది. వైకుంఠపాళిలో పెద్దపాము నోట్లో పడ్డట్టే. పైగా ఆ కార్డుకుండే 'ఈజ్' అనే అంకెలో 20 పాయింట్లు కోత. ఆ భయానికి చాలామంది, గుర్తురాని కార్డుకి కూడా హార్డ్ నొక్కేవాళ్లు. 'నోటిదాకా వచ్చింది, చూడగానే తెలిసింది, పూర్తిగా మర్చిపోయినట్టు కాదు కదా' అని తమకు తాము సర్దిచెప్పుకుంటూ. హార్డ్ నొక్కితే వ్యవధి తగ్గదు, 1.2 రెట్లు అవుతుంది. అంటే 180 రోజుల కార్డు, మర్చిపోయిన కార్డు, 216 రోజుల తర్వాత గానీ మళ్లీ కనపడదు!

కొత్త పద్ధతి దగ్గర ఈ సర్దుబాట్లు చెల్లవు. దానికి అగైన్ అంటే మర్చిపోయారు, మిగతా మూడూ గుర్తుంది. హార్డ్ అంటే 'కష్టపడ్డాను, కానీ గుర్తొచ్చింది'. మర్చిపోయినప్పుడు హార్డ్ నొక్కొద్దని మాన్యువల్‌లో ప్రత్యేకంగా హెచ్చరిక కూడా పెట్టారు. చిక్కేమిటంటే, అది చదివేది పాత రికార్డుని. అప్పుడు ఒక ప్రశ్నకి చెప్పిన జవాబుని ఇప్పుడు ఇంకో ప్రశ్నకి జవాబుగా తీసుకుంటోంది.

మా చిన్నమ్మ కూతురు నర్సు. రాంగోపాల్‌పేట్‌లో మా ఇంట్లోనే ఉండి డ్యూటీకి వెళ్తూ, జపాన్‌లో కైగో, అంటే వృద్ధుల సంరక్షణ ఉద్యోగం కోసం చదువుతోంది. ఈమధ్య ఈ దారి పట్టినవాళ్లు మన దగ్గర కనబడుతున్నారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులకు జపనీస్ నేర్పించి పంపుతోంది. 2019లో జపాన్ మొదలుపెట్టిన స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసాకి జెఎల్‌పీటీ ఎన్4 స్థాయి భాష కావాలి, కైగోకి దాని పైన ఇంకో రెండు పరీక్షలు. తన ఫోన్‌లో ఈ కొత్త లెక్క ఆన్ చేసింది నేనే. హార్డ్ గురించి వివరిస్తుంటే ఓ నిమిషం ఊరుకుని అడిగింది: "అన్నయ్యా, అంటే రెండేళ్ల నుంచీ నేను అబద్ధం చెప్తున్నట్టా?"

కాదు అని వెంటనే అనేశాను. ఎందుకు కాదో చెప్పడానికి మాత్రం టైం పట్టింది.

తెలుగులో పాఠం వల్లె వేస్తాం, తర్వాత అప్పజెప్తాం. అప్పజెప్పడం ఎంత మంచి మాటో చూడండి. తాళంచెవులు అప్పజెప్పినట్టు, పిల్లని అప్పజెప్పినట్టు, పాఠాన్ని కూడా ఒకరి చేతికి ఇవ్వాలి. తీసుకునేవాళ్లు ఎదురుగా ఉండాలి. ఎక్కాలు అప్పజెప్పేటప్పుడు పదమూడు ఎనిమిదుల దగ్గర తడబడితే టీచర్ కళ్లెత్తి చూస్తారు. అష్టావధానంలో కూడా గంట ఎన్నిసార్లు కొట్టారో అవధాని చెప్తే సరిపోదు, గంట కొట్టిన పృచ్ఛకుడి దగ్గర వేరే లెక్క ఉంటుంది. సభంతా చూస్తుండగా ఆ రెండు లెక్కలూ కలవాలి. మన సంప్రదాయంలో జ్ఞాపకశక్తి ఇద్దరి మధ్య నడిచే వ్యవహారం. ఫ్లాష్‌కార్డు యాప్‌లో అవధానీ మీరే, పృచ్ఛకుడూ మీరే. స్క్రీన్‌కి మీ బుర్రలో ఏముందో తెలీదు. మీరేం నొక్కితే అదే దానికి సత్యం.

ఈ ఇబ్బంది కొత్తదేం కాదు. మర్చిపోవడం మీద మొదటి శాస్త్రీయ పుస్తకంగా చెప్పుకునేది 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ వేసింది. ఆయన అర్థంలేని అక్షరాల వరుసలు బట్టీపట్టి, తన మీద తనే ప్రయోగాలు చేసుకున్నాడు. ప్రయోగం చేసేదీ, చేయించుకునేదీ ఒకరే. అయితే ఆయన 'గుర్తుందా?' అని తనను తాను అడుక్కోవడంతో ఊరుకోలేదు. మర్చిపోయిన వరుసని మళ్లీ నేర్చుకోడానికి మొదటిసారి కంటే ఎంత శ్రమ తగ్గిందో కొలిచాడు. తన మాటని కాకుండా గడియారాన్ని సాక్షిగా పెట్టుకున్నాడన్నమాట. ఆయన్ని చూసి నేర్చుకోవాల్సింది మర్చిపోయే వేగం గురించి మాత్రమే అనుకుంటారు. నాకైతే ఈ సాక్షిని మార్చిన తెలివి ఇంకా నచ్చుతుంది.

మా చెల్లి ప్రశ్నకి నా జవాబు ఇక్కడ దొరికింది. అబద్ధం అవ్వాలంటే ప్రశ్న ఏమిటో చెప్పేవాడికి తెలియాలి. పాత యాప్‌లో హార్డ్ అన్న మీట 'గుర్తుందా లేదా' అని అడగలేదు. 'ఎలా ఉంది?' అని అడిగింది. నైట్ డ్యూటీ చేసొచ్చిన మనిషిని ఎలా ఉంది అంటే కష్టంగా ఉందనే అంటుంది. అది నిజమే. ఆ నిజానికి రెండేళ్ల తర్వాత వేరే అర్థం ఇచ్చి, 'గుర్తుందన్నావుగా' అనడం న్యాయం కాదు. మా ఇంటి దగ్గర్లోని మహాత్మాగాంధీ రోడ్డు ఒకప్పుడు జేమ్స్ స్ట్రీట్. ఎంఎంటీఎస్ స్టేషన్ పేరు ఇప్పటికీ అదే. ఒక పాత ఉత్తరం మీద జేమ్స్ స్ట్రీట్ అని ఉంటే, అడ్రస్ తప్పు రాశారని ఎవరైనా అంటారా? సాఫ్ట్‌వేర్ వాళ్లం ఆ పని రోజూ చేస్తాం. కాలమ్ పేరు అలాగే ఉంచి అర్థం మారుస్తాం, పాత డేటాని కొత్త అర్థంతో చదువుతాం.

అలాగని అప్‌డేట్‌నే తప్పుపట్టను. నాలుగు మీటల్లో ఒకదాన్ని సూటి ప్రశ్నగా మార్చడం మంచిదే చేసింది. ఒప్పుకోడం తేలికైంది కూడా: అగైన్ నొక్కినా ఇప్పుడు కార్డు నేరుగా పాము నోట్లో పడదు. ఒకసారి మర్చిపోయినా పాత పరిచయం విలువ ఎంతో కొంత మిగిలే ఉంటుందని కొత్త లెక్క ఒప్పుకుంటుంది. ఎబ్బింగ్‌హాస్ కొలిచింది అదే. నిజం చెప్తే పడే శిక్షని తగ్గించి, ఆ తర్వాత నిజం చెప్పమని అడగడం... ఈ వరుస చాలా స్కూళ్లకి ఇంకా తెలీదు.

నన్ను ఇంకా ఇబ్బంది పెట్టేది రెండో సెట్టింగ్. మీకు ఎంత శాతం గుర్తుండాలి అని అడుగుతుంది. డిఫాల్ట్ 90. అంటే కార్డు మళ్లీ అడిగే రోజుకి గుర్తుండే అవకాశం పదికి తొమ్మిది ఉండేలా వ్యవధి పెడుతుంది. దాన్ని 95కి జరిపితే వ్యవధులు సుమారు సగానికి పడిపోతాయి, పని అంతకంతా పెరుగుతుంది. కిందికి జరిపితే ఊపిరి పీల్చుకోవచ్చు. మర్చిపోవడాన్ని ఇంతకుముందు మనకి జరిగేదనుకునేవాళ్లం. ఇప్పుడది మనం పెట్టుకునే అంకె.

మా చెల్లి డెక్‌లో తిమింగలానికి కాంజీ ఉంది. గోఎన్ అనే మాటా ఉంది. తిన్నదో తాగిందో ఊపిరితిత్తుల దారి పట్టడాన్ని గోఎన్ అంటారు. మన ఇళ్లలో పొలమారడం. మనం నెత్తిన తట్టి, ఎవరో తలుచుకుంటున్నారని నవ్వేస్తాం. అక్కడి వృద్ధాశ్రమాల్లో అది నవ్వే విషయం కాదు. దాని నుంచి వచ్చే న్యుమోనియా జపాన్‌లో వృద్ధుల మరణాలకు పెద్ద కారణాల్లో ఒకటి. ఛార్టు మీద ఆ రెండు అక్షరాలు ఉంటే, ఆ పెద్దాయనకి నీళ్లు మామూలుగా ఇవ్వకూడదని తెలియాలి. యాప్‌కి తిమింగలమూ ఒక కార్డే, గోఎనూ ఒక కార్డే. పదిలో ఏ ఒకటి పోయినా దానికి ఒకటే నష్టం. సగటు జ్ఞాపకాన్ని అది అద్భుతంగా కాపాడుతుంది. కానీ ఆ పెద్దాయనకి సగటుతో పనిలేదు.

ఈ అంకె పెట్టేటప్పుడు యాప్ అడిగే 'నీకు ఎంత గుర్తుండాలి?' అన్న ప్రశ్న అందుకే చాలదనిపిస్తుంది. నువ్వు మర్చిపోతే మూల్యం చెల్లించేది ఎవరు? మనమే అయితే 80 పెట్టుకున్నా ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. సరదాకి నేర్చుకునేవాళ్లు 97 పెట్టుకుని రోజూ మూడొందల కార్డులతో కుస్తీ పట్టడం నాకు కొంచెం ఆడంబరంగానే కనిపిస్తుంది. ఇంకొకరు చెల్లించాల్సి వస్తే ఆ అంకె మన ఇష్టం ఒక్కటే కాదు. చెల్లి చేత వార్డు మాటలన్నీ వేరే డెక్‌లో పెట్టించి, దానికి 97 పెట్టాం. మిగతావాటికి 85. తిమింగలం వస్తే వచ్చింది, పోతే పోయింది.

ఏది మర్చిపోవచ్చో తేల్చే పని జపాన్ ప్రభుత్వం యాప్‌లు రాకముందు నుంచే చేస్తోంది. రోజువారీ వాడకానికి 1946లో 1850 కాంజీలు చాలన్నారు. 1981లో ఆ జాబితాని 1945 చేశారు. 2010లో 196 చేర్చి, 5 తీసేశారు, మొత్తం 2136. తీసేసినవాటిలో మొమ్మె అనే పాత తూకం ఉంది. మన వీశె, సవాశేరుల్లా దాని కాలం చెల్లింది. చేర్చినవాటిలో 29 గీతలుండే దిగులు అనే అక్షరం ఉంది. కంప్యూటర్లు, ఫోన్లు వచ్చాక చేత్తో రాయలేకపోయినా చదవగలిగితే చాలన్న ఆలోచన ఆ సవరణ వెనక ఉంది. మరి గోఎన్‌లో రెండో అక్షరం, ఎడమ పక్క నోరు, కుడి పక్క ఒక పిట్ట ఉండేది, ఆ 2136లో లేదు. బెడ్‌సోర్స్‌కి ఆసుపత్రుల్లో వాడే జోకుసో అన్న మాటలోని రెండు అక్షరాలూ లేవు. వాటికి తోకోజురె అని ఇంట్లో వాడే తేలిక మాట ఉంది గానీ, ఛార్టులు రాసేవాళ్లు ఇంటిభాషలో రాయరు, అక్కడైనా ఇక్కడైనా. అక్కడ పుట్టి పెరిగినవాళ్లకు బడిలో నేర్చుకోనక్కర్లేదని వదిలేసిన అక్షరాలు, సికింద్రాబాద్ నుంచి వెళ్లే అమ్మాయికి తప్పనిసరి.

ఇక పాత రికార్డు సంగతి. ఎఫ్ఎస్ఆర్ఎస్‌లో దీనికో సెట్టింగ్ ఉంది. ఫలానా తేదీకి ముందు చదివిన కార్డులని లెక్కలోకి తీసుకోవద్దని చెప్పొచ్చు. కొత్త ప్రశ్న తెలిసిన రోజుని ఆ తేదీగా పెట్టేద్దాం అన్నాను. చెల్లికి నచ్చలేదు. "అవన్నీ నేను చదివిన రాత్రులు కదా, ఎట్లా తీసేస్తావ్?" అంది. ఏదీ చెరిగిపోదనీ, రికార్డు అలాగే ఉంటుందనీ, సాక్ష్యంగా మాత్రం వాడదనీ చెప్పాను. సరే అంది గానీ, ఇంకో ప్రశ్న వేసింది. "మరి నా లెక్క తెలియకపోతే అది దేన్ని బట్టి అడుగుతుంది?"

మన రికార్డు చాలనప్పుడు యాప్ డిఫాల్ట్ అంకెలు వాడుతుంది. అవి వేలమంది యూజర్ల రివ్యూల నుంచి తీసినవి. వాళ్లలో ఎంతమంది మర్చిపోయి కూడా హార్డ్ నొక్కారో ఎవరికి తెలుసు? ఆ మాట కూడా చెప్పాను. నవ్వి, వార్డు డెక్ తెరిచి ఫోన్ నా చేతికిచ్చింది. తెలుగు వైపు చదివి వినిపించమంది, తను కాగితం మీద కాంజీ రాస్తుందట. నాకు ఒక్క ముక్క జపనీస్ రాదు. వెనక వైపు బొమ్మతో గీతలు పోల్చి, పిట్టకి ఒక కాలు తక్కువైందనుకుంటా అన్నాను. అగైన్ నొక్కమంది.