బిడ్డలు ఎవరి లెక్క?



1994 నాటి మన రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టంలో ఒక చిన్న నిబంధన ఉండేది. ఇద్దరికంటె ఎక్కువమంది సంతానం గలవారు పంచాయతీ, మండల, జిల్లా పరిషత్తు ఎన్నికలలో నిలబడడానికి అనర్హులు. చట్టం అమలులోకి వచ్చిన ఏడాదిలోపల పుట్టిన బిడ్డలకు మినహాయింపు ఇచ్చారు. ఆ తర్వాత మూడవ బిడ్డ పుడితే తల్లిదండ్రులకు వార్డు మెంబరు పదవి కూడా దక్కదు. 30 ఏళ్ళ తర్వాత, 2024 నవంబరులో, శాసనసభ ఆ నిబంధనను రద్దు చేసింది. పురపాలక సంఘాలకు ఉన్న అటువంటి నిబంధన కూడా దానితోపాటే పోయింది. జననాలు మరీ తగ్గిపోయాయన్నది కారణం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఒక స్త్రీకి సగటున 1.7 మంది బిడ్డలు. జనాభా తరగకుండా నిలవాలంటే 2.1 ఉండాలి. ఆ సంవత్సరమే అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు ఎక్కువమంది పిల్లలను కనండని ప్రజలను కోరారు.

నిన్న వద్దన్న బిడ్డ నేడు కావలసి వచ్చాడు. పరిస్థితులు మారితే ప్రభుత్వాలు తమ అభిప్రాయాలు మార్చుకోవలసిందే, అందులో తప్పు లేదు. అయితే రెండు ఆజ్ఞల వెనుకా ఉన్న భావన ఒక్కటే గదా! బిడ్డ రాజ్యానికి బరువైతే వద్దు, బలమైతే కావాలి. ఈ భావన న్యాయమైనదేనా అన్నది నేటి మన ప్రశ్న.

ఎవరినీ బలవంతపెట్టలేదు, పోటీకి మాత్రమే అనర్హులన్నారు అని ఎవరైనా అనవచ్చు. హర్యానాలోని ఇటువంటి చట్టాన్ని 2003లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. ఎన్నికలలో పోటీ చేయడం ప్రాథమిక హక్కు కాదని తీర్పు చెప్పింది. న్యాయశాస్త్రం దృష్టిలో అది సరే. ఊళ్ళలో జరిగింది వేరు. మధ్యప్రదేశ్ ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన నిర్మలా బుచ్ గారు మన రాష్ట్రంతో సహా 5 రాష్ట్రాలలో ఈ నిబంధన ఫలితాలను అధ్యయనం చేశారు. పదవికోసం భార్యను వదిలివేసినవారు, గర్భస్రావం చేయించినవారు, పుట్టిన బిడ్డను దత్తతకు ఇచ్చినవారు ఆ అధ్యయనంలో కనిపిస్తారు. సర్పంచి కుర్చీకి అడ్డమని తండ్రి పంపించివేసిన బిడ్డ పెద్దయ్యాక తన్ను గూర్చి ఏమనుకోవాలి? ఆ బిడ్డ ఏ నేరమూ చేయలేదు. మూడవ సంఖ్యగా పుట్టడమే దాని నేరం.

అంతకు ముందటి చరిత్ర ఇంకా కఠినం. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. ఉద్యోగులకు కోటాలు పెట్టారు. కోటా పెట్టినచోట ముందు దొరికేది బీదవాడే. ఆ కోపం 1977 ఎన్నికలలో బయటపడింది. తర్వాత బరువంతా స్త్రీలమీదికి మళ్ళింది. పైన చెప్పిన సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. పురుషుల వాటా నూటికి ఒక్కరు కూడా లేదు. ఈ ఒక్క అంకె మీద మన మగవారు ఒక ఆదివారమంతా ఆలోచించవచ్చు.

దావీదు రాజు కథ మీకు తెలుసు. సమూవేలు రెండవ గ్రంథం 24వ అధ్యాయంలో ఆయన ప్రజల లెక్క తీయిస్తాడు. యోవాబు వద్దన్నా వినడు. 9 నెలల 20 రోజులు దేశమంతా తిరిగి తెచ్చిన లెక్కలో ఉన్నది కత్తి పట్టగల మగవారి సంఖ్య మాత్రమే. ముసలివారు లేరు, తల్లులు లేరు, చంటిబిడ్డలు లేరు. అది దేవునికి కోపం తెప్పించింది. మరి సంఖ్యాకాండములో లెక్క తీయమన్నది దేవుడే గదా అని మీరు అడగవచ్చు. నిజమే. నిర్గమకాండము 30వ అధ్యాయం చూడండి. లెక్కకు వచ్చిన ప్రతివాడూ అర తులము చెల్లించాలి. ధనికుడు ఎక్కువ ఇవ్వరాదు, బీదవాడు తక్కువ ఇవ్వరాదు. ఇక్కడ లెక్క మనుష్యులను సమానం చేస్తుంది. దావీదు లెక్క వారిని సైన్యం చేస్తుంది.

గురువిద్యాలయంలో మేము చదివిన పునీత తోమాసు అక్వినాసు ఒక విచిత్రమైన సందర్భంలో ఈ ప్రశ్నను తాకాడు. యూదుల పిల్లలకు తల్లిదండ్రుల ఇష్టానికి విరుద్ధంగా జ్ఞానస్నానం ఇవ్వవచ్చునా? ఇవ్వకూడదన్నాడాయన. బుద్ధి తెలిసేవరకు బిడ్డ సహజ న్యాయం ప్రకారం తల్లిదండ్రుల సంరక్షణలోనే ఉంటాడు. ఆత్మ రక్షణ వంటి గొప్ప కారణంతో శ్రీసభకే ఆ గడప దాటే అధికారం లేనప్పుడు, ప్రణాళికా లక్ష్యాలకోసం ప్రభుత్వానికి ఎక్కడినుండి వస్తుంది? 1965లో రెండవ వాటికన్ మహాసభ చెప్పినది కూడా ఇదే: ఎంతమంది బిడ్డలన్న నిర్ణయం తల్లిదండ్రులది, ప్రభుత్వానిది కాదు.

అంటే ఎందరినైనా కనండని శ్రీసభ అంటున్నదని అనుకోవద్దు. బాధ్యతగల మాతృత్వ పితృత్వాలను గూర్చి 1968లో ఆరవ పౌలు పోపుగారు వ్రాశారు. మంచి కతోలికులం కావాలంటే కుందేళ్ళలా ఉండనక్కరలేదని 2015లో ఫ్రాన్సిస్ పోపుగారు విమానంలో విలేకరులతో అన్నమాట చాలామందికి గుర్తుండే ఉంటుంది. మన కదిరి ప్రాంతంలో ఒక వాన తప్పితే వేరుశనగ పెట్టుబడి మట్టిలో కలుస్తుంది. ఇక్కడ ఒక తండ్రి బడి ఫీజులు, బోరు అప్పు లెక్కపెట్టుకొని ఒక్క బిడ్డతో ఆగితే, అతనికి దేశభక్తి లేదనగలమా? "ఎక్కువ కనమంటారు సరే ఫాదర్, ఆడ బెంగుళూరులో పనికి పోయినప్పుడు వాండ్లను ఎవురు చూడాల?" అని ఒకాయన నన్ను అడిగాడు. ప్రభుత్వం జవాబు చెప్పవలసిన ప్రశ్న అది. నీళ్ళు, పని, బడి, ఆసుపత్రి ఇవ్వడం దాని అధికారంలో ఉన్న విషయాలు.

మరి లెక్కే లేకపోతే మేలా? మధ్య ఆఫ్రికాలోని కాంగో ప్రజాతంత్ర గణతంత్రాన్ని చూడండి. 1960లో స్వాతంత్ర్యం పొందిన ఆ దేశంలో చివరి జనాభా లెక్కలు 1984లో జరిగాయి. ఇప్పుడు అక్కడ 10 కోట్లకు పైగా ప్రజలున్నారని అంచనా. అంచనా మాత్రమే. లెక్క లేనిచోట ఏ ఊరికి ఎన్ని బడులు కావాలో, ఓటర్ల జాబితా నిజమో కాదో ఎవరు చెప్పగలరు? 2018 డిసెంబరు ఎన్నికలకు అక్కడి కతోలిక శ్రీసభ దాదాపు 40 వేలమంది పరిశీలకులను పంపవలసి వచ్చింది. లెక్కకు రానివాడు అడగడానికీ ఉండడు.

మన దేశంలో లెక్కకు మరొక చిక్కు ఉంది. జనాభాను అదుపు చేసిన రాష్ట్రాలు నష్టపోకూడదని 1976లో పార్లమెంటు స్థానాల పంపకాన్ని 1971 లెక్కల దగ్గర ఆపారు. 84వ సవరణ ఆ గడువును 2026 తర్వాత జరిగే మొదటి లెక్కల వరకు పొడిగించింది. మనవైపు బిడ్డలను కనమనడం వెనుక ముసలివారి సంఖ్య పెరుగుతుందన్న చింతతోపాటు ఈ భయమూ ఉంది. భయం నిరాధారమని నేను అనను. కాని ఢిల్లీలో సీటుకోసం కదిరిలో ఒక తల్లి గర్భం ధరించాలా? రాష్ట్రాల మధ్య న్యాయం రాజ్యాంగంతో చేయవలసిన పని.

2021లో జరగవలసిన లెక్కలకు 2027 మార్చి 1వ తేదీని ప్రామాణికంగా కేంద్రం 2025 జూన్‌లో ప్రకటించింది. మనుష్యులను లెక్కించేది అంతకు ముందటి ఫిబ్రవరిలో. వేరుశనగ పెరికి, కాయలు అమ్ముకొని, మన పల్లెల కుటుంబాలు బెంగుళూరు కట్టడం పనులకు వెళ్ళివుండే కాలమది. ఇంట్లో అవ్వా తాతా ఇద్దరే ఉంటారు. లెక్క వ్రాసేవారు వచ్చినప్పుడు కొడుకు, కోడలు, మనుమలు ఎక్కడున్నారో, ఎన్నాళ్ళుగా ఉన్నారో ఉన్నదున్నట్లు చెప్పమని వారికి ఇప్పటినుండే నేర్పండి. బెంగుళూరులో రేకుల షెడ్లలో ఉండేవారు అక్కడి లెక్కలోనైనా తమ పేర్లు పడ్డాయో లేదో అడిగి చూసుకోవాలి. చంటిబిడ్డ పేరు కూడా.