చాక్లెట్ ఆపేశాక

పాలకొల్లు

అమ్మాయీ,

ఎక్కాలు అప్పజెప్పినవాళ్ళకి చాక్లెట్ ఇస్తే క్లాసంతా చేతులెత్తిందనీ, ఆపేయగానే ఒక్కరూ నోరు విప్పలేదనీ రాశావు. బెత్తమూ చాక్లెట్టూ లేకుండా చదువు చెప్పడం కుదురుతుందా అని అడిగావు. కుదురుతుందనే నా నమ్మకం.

బెత్తం మాట ముందే తేల్చేద్దాం. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చట్టం లేకపోయినా అది తప్పే. 1895లో మదనపల్లెలో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తిగారు చిన్నప్పుడు మద్రాసు బడిలో మందమతి అనిపించుకుని దెబ్బలు తిన్నారు. భయంతో, బహుమతితో, పక్కవాడితో పోల్చి నడిపేది చదువు కాదని పెద్దయ్యాక జీవితమంతా చెప్పారు.

చాక్లెట్ వల్ల ఏం నష్టం అంటావేమో. 1973లో అమెరికాలో, స్టాన్‌ఫర్డ్‌లో, రంగు పెన్నులతో బొమ్మలు వేయడం ఇష్టమున్న పసిపిల్లలతో మార్క్ లెపర్ బృందం ఒక ప్రయోగం చేసింది. బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు. మిగిలినవాళ్ళకి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ళకి అవే రంగు పెన్నులు మళ్ళీ ముందు పెడితే, ముందుగా ఆశపెట్టిన పిల్లలు మిగతావాళ్ళలో దాదాపు సగం సేపే వాటితో గడిపారు. చెప్పకుండా ఇచ్చినవాళ్ళకి ఇష్టం తగ్గలేదు. కాబట్టి నువ్వు మనసారా మెచ్చుకో, బేరం మాత్రం పెట్టకు.

మరి అవేవీ లేకుండా నేర్చుకునేదెలా అంటావా, మన పాలకొల్లు, నరసాపురం పల్లెల్లో లేసు అల్లడం చూశావుగా. గుండ్రటి ముక్కకి వరసలో కుట్లు తక్కువ పడితే లోపలికి ముడుచుకుపోతుంది, ఎక్కువైతే అంచు కుచ్చిళ్ళు పడుతుంది. కొత్తగా నేర్చుకునే పిల్లని ఎవరూ తిట్టక్కర్లేదు. ముక్కని నేలమీద పరిస్తే తప్పెక్కడుందో తనకే తెలిసిపోతుంది. దారం లాగి, అక్కడిదాకా విప్పి, మళ్ళీ అల్లుతుంది. ముక్కకొచ్చే కూలి తక్కువే అయినా, ఆ పిల్లని పనిలో కూర్చోబెట్టింది అదే కావచ్చు. పని నేర్పింది మాత్రం ఆ వంకర ముక్కే. బహుమతీ శిక్షా బయటినుంచి వస్తాయి. వాటికి అలవాటుపడిన పిల్ల నీ మొహం చదవడం నేర్చుకుంటుంది గాని లెక్క వంక చూడదు.

అలవాటు చెయ్యడమే వద్దనను. బడికి వేళకి రావడం, చేతులు కడుక్కోవడం అలవాటుగానే వస్తాయి. కానీ ఏడు ఎనిమిదులు యాభైఆరని గడగడా చెప్పే పిల్లకి, ఎనిమిది ఏడులు కూడా అంతే ఎందుకయిందో తెలియాలి కదా!

రేపు బడికి చింతపిక్కలు పట్టుకెళ్ళు. వరసకి ఏడు చొప్పున ఎనిమిది వరసలు పేర్పించు. తర్వాత అవే పిక్కల్ని పక్కనుంచి చూసి మళ్ళీ లెక్కపెట్టమను. ఎవరికైనా తప్పొస్తే నువ్వు దిద్దకు, ఆలస్యమైనా వాళ్ళనే వెతుక్కోనివ్వు. ఎవరు ఎలా పట్టుకున్నారో నాకు వివరంగా రాయి.

అమ్మమ్మ