చక్రాల మీది ఇల్లు

విదేశంలో తయారై, ఓడలో దిగుమతి అయిన పెద్ద మోటారుహోమ్ ఒకటి భిలాయిలో గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు పక్కన ఆగిందని భావిద్దాం. అందులో పడక ఉన్నది, వంటపొయ్యి ఉన్నది, స్నానపుగది ఉన్నది. యజమానికి సత్రంతో గాని, హోటలుతో గాని, బంధువు ఇంటితో గాని పనిలేదు. భారీ సుంకం చెల్లించి అతడు కొన్నది వాహనాన్ని మాత్రమే కాదు, ఎవరి గడపా తొక్కనవసరం లేని స్వేచ్ఛను. అతనిని మనం పర్యాటకుడంటాం. అదే చోట మరొక కుటుంబం ఎడ్లబండిలో సంసారం పెట్టుకొని ఆగితే దానిని ఆక్రమణ అంటాం. ఈ భేదానికి న్యాయమైన ఆధారం ఏమిటి?

ధనమే ఆధారమని తేల్చివేయడం తొందరపాటు. పర్యాటకుడు రేపు వెళ్ళిపోతాడు, బండివాడు తిష్ఠవేస్తాడు అన్నది ఒక వాదం. సంచారజాతులు తరతరాలుగా వెళ్ళిపోతూనే ఉన్నాయి కదా! శుభ్రత మరొక వాదం. మోటారుహోమ్‌లో మురుగునీటికి మూసిన తొట్టి ఉంటుంది, నిజమే. అయితే దానిని ఎక్కడో ఒకచోట ఖాళీ చేయక తప్పదు. మన రహదారుల మీద అందుకు తగిన ఏర్పాటు అరుదు.

తెలుగువారికి ఇటువంటి వాహనం కొత్త కాదు. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని స్థాపించిన ఎన్.టి. రామారావు, షెవర్లే వ్యాను ఒకదానిని మార్పించి ‘చైతన్యరథం’ అని పేరు పెట్టారు. కుమారుడు హరికృష్ణ సారథి. రోడ్డు పక్కనే స్నానం, భోజనం, విశ్రాంతి. 1983 జనవరిలో ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. రాజకీయ ఫలితం ఇక్కడ అప్రస్తుతం. ఆ ఇంటి పైకప్పే వేదిక కావడం, చుట్టూ జనం లేనిదే ఆ యాత్రకు అర్థం లేకపోవడం గమనించదగినవి. ఎవరి అవసరమూ లేకుండా తిరగడానికి కొన్న బండికీ దీనికీ యంత్రంలో పోలిక ఉండవచ్చు, ఉద్దేశంలో లేదు.

ఇక ఎడ్లబండి సంగతి. గాడియా లోహార్లు ఇనుము సాగగొట్టి పనిముట్లు చేసే సంచార కమ్మరులు. 1568లో చిత్తోడు కోట అక్బరు వశమైనప్పుడు, అది తిరిగి చేజిక్కేవరకు ఇంటి కప్పు కింద నిద్రించబోమని తమ పూర్వీకులు శపథం పట్టారని వారు చెప్పుకుంటారు. చరిత్ర చదివినవాడిగా ఆ కథను అక్షరాలా ప్రమాణంగా స్వీకరించలేను. కాని ఒక సమూహం తన సంచారానికి పేదరికాన్ని కాక ప్రతిజ్ఞను కారణంగా చెప్పుకోవడంలో ఎంతో ఆత్మగౌరవం ఉన్నది. 1955 ఏప్రిల్‌లో నెహ్రూ, శపథం తీరినదనడానికి గుర్తుగా, వారిని వెంటబెట్టుకొని ఆ కోటలో ప్రవేశించారు.

అంతకు రెండు నెలల ముందు, ఫిబ్రవరిలోనే, భిలాయి ఉక్కు కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఒకే ఏడాదిలో రాజ్యం ఇనుము పనివారిని కొందరిని ఇక తిరగవద్దన్నది, మరికొందరిని ఇల్లు విడిచి ఇనుము దగ్గరకు రమ్మన్నది. అలా వచ్చినవారిలో తెలుగు కుటుంబాలు ఎన్నో. సెక్టారు క్వార్టరు గుమ్మానికి మామిడాకులు కట్టి, పెరట్లో కరివేప పెంచి, పిల్లల పెళ్ళిళ్ళు చేసి, పదవీవిరమణ నాటికి తాళం అప్పగించినవారు వారిలో అనేకులు. దరఖాస్తు ఫారాలలో దశాబ్దాల పాటు ‘శాశ్వత చిరునామా’ అన్న గడిలో వారు ఎన్నడూ నివసించని స్వగ్రామం పేరు రాశారు. మోటారుహోమ్ యజమానికీ అటువంటి చిరునామా ఒకటి ఉంటుంది. లోహారుకు ఆ గడి ఖాళీ. తక్కినదంతా, అంటే నీరు, నిప్పు, పడక, ప్రయాణం, ముగ్గురికీ ఒకటే.

ఆ గడి నిండి ఉండటమే గౌరవానికి అర్హత అయితే, మనం గౌరవిస్తున్నది మనిషిని కాదు, ఫారాన్ని. పర్యాటక వాహనాల కోసం రహదారుల పక్కన నీటి కుళాయి, మురుగు గుంట, రాత్రి దీపం ఏర్పరచాలన్న ప్రతిపాదన ఏ పురపాలక సంఘం ముందుకైనా వస్తే నేను సమర్థిస్తాను. ఆ కుళాయి దగ్గర బండి ఎడ్లకు కూడా నీళ్ళు పట్టవచ్చునా లేదా అన్నది మాత్రం అంచనాలు తయారు చేసేటప్పుడే స్పష్టంగా రాయాలి.